యూతౌ అంటే చేమదుంపా? చేప తలకాయా?

యివూ బాబాయ్ · శనివారం రాత్రి 9:52

అందరికీ నమస్కారం. నేను చైనాలో జెజియాంగ్ ప్రావిన్సు యివూలో ఉంటున్నాను. వచ్చి ఏడు నెలలైంది. ఇక్కడి హోల్‌సేల్ మార్కెట్లో సామాను కొని మన వైపు కంటైనర్లలో పంపించే ఆఫీసులో పని. చైనీస్ అంతంత మాత్రమే. ‘ఎంత’, ‘తగ్గించు’, ‘వద్దు’, ఆ పైన అంకెలు. అంతకు మించి ధైర్యం చెయ్యను.

ఇవాళ ధైర్యం చేశాను. శనివారం నీచు ముట్టని అలవాటు నాది. ఆఫీసు పక్క సందులో ఒక చిన్న హోటలుంది. ఫోన్లో వెతికితే చేమదుంపకు చైనీస్ మాట ‘యూతౌ’ అని వచ్చింది. లోపలికెళ్లి ‘యూతౌ’ అన్నాను. హోటలావిడ మొహం విప్పారింది. ‘యూతౌ?’ అని ఇంకోసారి అడిగింది. నేను గట్టిగా తలూపాను.

ఇరవై నిమిషాలకు వచ్చింది. బేసినంత గిన్నె, పాలలా తెల్లగా మరుగుతున్న పులుసు, అందులో టోఫు ముక్కలు, నడుమ నిలువునా రెండుగా చీల్చిన చేప తలకాయ. ఒక కన్ను నన్నే చూస్తోంది. బిల్లు 68 యువాన్లు. కట్టేసి, తెల్లన్నంలో సోయా సాస్ కలుపుకుని తిని బయటపడ్డాను.

డిక్షనరీ తప్పా, నా నోరు తప్పా? చైనీస్ తెలిసినవాళ్లు చెప్పండి.

పెసరట్టు · రాత్రి 9:58

పులుసు వదిలేసి వచ్చారా! ఆదివారానికి పార్శిల్ చేయించుకోవాల్సింది కదండీ.

మాండరిన్ మాస్టారు · రాత్రి 10:20

బాబాయ్ గారూ, డిక్షనరీ కరెక్టే. మీ నోరూ సగం కరెక్టే. తెలుగులో రాస్తే రెండూ ‘యూతౌ’లే, అక్కడ వచ్చింది చిక్కు.

చైనీస్‌లో ‘యూ’ అనే శబ్దం నాలుగు స్వరాల్లో పలుకుతుంది, స్వరం మారితే మాట మారిపోతుంది. చేప రెండో స్వరం. సరిగా వినబడనప్పుడు మనం ‘ఆఁ?’ అంటామే, గొంతు కింద నుంచి పైకి పోతుంది, అది. చేమదుంప నాలుగో స్వరం. కుక్కను ‘ఛీ!’ అని అదిలించినట్టు పై నుంచి కిందికి దబ్బున పడాలి. తెలియని మాట పలికేటప్పుడు మనందరం అనుమానంగా, అడుగుతున్నట్టు పలుకుతాం. మీరూ ‘యూ...?’ అని గొంతు లేపి ఉంటారు. చేప వచ్చింది.

పైగా ఈ ‘యూ’ మన ‘యూ’ కాదు. నోటి లోపల ‘ఈ’ అంటూ, పెదవులు మాత్రం ఈల వేస్తున్నట్టు గుండ్రంగా పెట్టాలి. అద్దం ముందు నాలుగు రోజులు కూర్చోండి. ఇంట్లోవాళ్లు కంగారు పడతారు, పట్టించుకోకండి.

ఇక ‘తౌ’. విడిగా అయితే ఆ మాటకు అర్థం తల. చేప తలలో అది నిజంగా తలే, రెండో స్వరంలో నిండుగా పలుకుతారు. చేమదుంపలో తల లేదు. అది వస్తువుల పేర్ల చివర ఊరికే తగిలించే తోక. రాయిని ‘ష్‌తౌ’ అంటారు, కర్రను ‘ముతౌ’ అంటారు, అలాగే ఇది. అందుకే ఇక్కడ స్వరం లేకుండా, పొట్టిగా, ఊపిరి వదిలేసినట్టు ‘తొ’ అనేస్తారు.

ఇంకొకటి. మీరున్న చోటే మీ కొంప ముంచింది. జెజియాంగ్‌లో చేప తలకాయ పులుసు బాగా పేరున్న వంటకం. ఛ్యెన్‌దావ్ సరస్సు చేప తలకాయలంటే షాంఘై, హాంగ్‌జౌ వాళ్లు చెవి కోసుకుంటారు. పరదేశి మనిషి వచ్చి మా తలకాయ పులుసు అడిగాడని ఆవిడ సంబరపడి ఉంటుంది.

చామగడ్డల చారు · రాత్రి 10:31

‘చేమదుంప’ అని ఇంత సేపటి నుంచి దేని గురించి మాట్లాడుతున్నరో నాకు మాస్టారి పోస్టు దాకా అర్థం కాలే. మాది కరీంనగర్. మేం చామగడ్డ అంటం. 😀

సరే గానీ ఒక డౌటు. హైదరాబాద్‌లో బోబా టీ షాపుల ‘టారో’ అని ఊదారంగుది తాగిన మొన్న. ఫోన్లో చూస్తే టారో అంటే చామగడ్డనే అని ఉంది. నిజమేనా? మా ఇంట్ల చామగడ్డ ఎన్నడూ ఊదా లేకుండె.

సింగపూర్ శీను · రాత్రి 10:47

నిజమే అక్కా. ‘టారో’ చైనా మాట కాదు, పసిఫిక్ దీవుల వాళ్ల మాట. ఇంగ్లీషు వాళ్లు అక్కడి నుంచి తెచ్చుకున్నారు. చైనీస్‌లో ఆ టీ రుచిని ‘శ్యాంగ్‌యూ’ అంటారు, అంటే సువాసన చేమ. రంగు సంగతికొస్తే, నిజం చేమదుంప ముక్కను కోసి చూడండి. తెల్లటి గుజ్జులో సన్నటి ఊదా పోగులుంటాయి, అంతే. ఉడికితే బూడిద కలిసిన లేత ఊదా వస్తుంది. టీ గ్లాసులో మెరిసే ఆ రంగు సాధారణంగా కలిపిందే. రంగు పొడో, ఊదా చిలగడదుంపో.

ఆ ఊదా పోగుల వల్లే దక్షిణ చైనాలో ఒక రకం పెద్ద దుంపకు ‘బిన్‌లాంగ్ యూ’ అని పేరు. బిన్‌లాంగ్ అంటే వక్క. వక్కను అడ్డంగా కోస్తే లోపల చారలు ఎలా ఉంటాయో ఆ దుంప కోసినా అలాగే ఉంటుంది. వక్క నమిలేవాళ్లం కాబట్టి మనకు ఈ పేరు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇక్కడ సింగపూర్‌లో దక్షిణ చైనా నుంచి వచ్చిన తియోచ్యూ వాళ్ల మిఠాయి ఒకటి, ‘ఓర్ నీ’. చేమదుంపను ఆవిరి మీద ఉడికించి, మెత్తగా మెదిపి, చక్కెర వేసి, హల్వాలా మెరిసేదాకా కొవ్వులో కలుపుతారు. పైన గింగ్కో గింజలు, గుమ్మడి గుజ్జు. చేమతో తీపా అని మొదట మొహం చిట్లించాను, ఇప్పుడు పెళ్లి విందుల్లో దాని కోసమే చివరిదాకా కూర్చుంటాను. బాబాయ్ గారికి హెచ్చరిక: పాత పద్ధతిలో ఆ కొవ్వు పందిది. నూనెతో చేసేవాళ్లూ ఉన్నారు, అడిగి తినండి. సంక్రాంతి దాటాక వచ్చే వాళ్ల కొత్త సంవత్సరానికి చేసే చేమ కేకు కూడా చూడ్డానికి శాకాహారంలా ఉంటుంది గానీ లోపల ఎండు రొయ్యలు, సాసేజ్ ముక్కలు.

కొబ్బరితోట · ఆదివారం ఉదయం 6:10

కోనసీమ నుంచి. కంద, చేమ, పెండలం మూడూ వేస్తాం మేము. పొద్దున్నే ఈ థ్రెడ్ చూసి టీ చల్లారిపోయింది.

శీను గారూ, కోస్తే ఊదా పోగులు కనపడే మాట నిజమే. కానీ పచ్చిది కోసేటప్పుడు చేతికి నూనె రాసుకోమని ఎవరూ చెప్పలేదేం? చేమలోనూ కందలోనూ కంటికి కనపడని సూదుల్లాంటి స్ఫటికాలుంటాయి, కాల్షియం ఆక్సలేట్. అవే చర్మంలో గుచ్చుకుని దురద. మేము చింతపండు రసమో మజ్జిగో వాడతాం. చైనా వాళ్లు ఏం చేస్తారు?

మాండరిన్ మాస్టారు · ఉదయం 7:35

అల్లం ముక్కతో రుద్దుతారు, లేదా పొయ్యి సెగకు చేతులు కాపుతారు. తోట గారు కంద ఎత్తారు కాబట్టి చెప్తున్నా, కందకూ చైనాలో ఒక దగ్గరి చుట్టం ఉంది. పేరు ‘మోయూ’. ‘యూ’ మన చేమే, ‘మో’ అంటే దయ్యం, మాయ. దయ్యపు చేమ! ఆ దుంపను పచ్చిగా తింటే విషం, పొడి చేసి సున్నపు నీళ్లలాంటి క్షారంతో ఉడికిస్తే జెల్లీలా గడ్డకడుతుంది. జపాన్ వాళ్ల కొన్యాకు అదే. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటాం గానీ, అక్కడ కందకు దయ్యమనే పేరే పెట్టేశారు.

ఇక అసలు మాటకొస్తాను, ఆదివారం కదా, తీరికుంది. ఈ ఫోరంలో చైనా అక్షరాలు పెడితే కొందరి ఫోన్లలో ఖాళీ డబ్బాలు కనిపిస్తున్నాయట. అందుకని మాటల్లోనే గీస్తాను. చేమ ‘యూ’ అక్షరంలో పైన గడ్డి గుర్తు, అంటే ఇది మొక్కల జాతి అని. కింద ‘యూ’ అని పలికే ఇంకో చిన్న అక్షరం: రెండు అడ్డగీతలు, వాటిని చీల్చుకుని కిందికి దిగి చివర కొక్కెంలా వంగే ఒక నిలువుగీత. పై భాగం అర్థానికి, కింది భాగం శబ్దానికి.

షూ షెన్ అనే పండితుడు క్రీ.శ. 100లో పూర్తి చేసిన ‘షువోవెన్’ నిఘంటువులో ఈ అక్షరానికి రాసిన అర్థం నాకు మహా ఇష్టం. ఆకులు పెద్దవి, దుంప నిండైనది, చూసిన మనిషి అదిరిపోతాడు, అందుకే దీన్ని ‘యూ’ అన్నారు. అంటే ఆ మాట ఆశ్చర్యంతో నోట్లోంచి వచ్చిన అరుపట. మన లెక్కలో ‘అమ్మో’ దుంప.

ఇది ఉత్త కల్పన అని కొట్టిపారేయడానికీ లేదు. అంతకంటే చాలా పాతదైన షిజింగ్ అనే చైనా పద్య సంకలనంలో కొత్త ఇల్లు కట్టిన సందర్భంలో ఇదే అక్షరం వస్తుంది. గాలీ వానా పోయాయి, పిట్టలూ ఎలుకలూ పోయాయి, ఇక దొరగారు ఇక్కడ ‘యూ’ అని. అక్కడ చేమదుంప ఏమిటి? పాత వ్యాఖ్యాతల్లో ఒకరు దానికి ‘పెద్ద’ అని అర్థం చెప్పారు, మరొకరు ‘కప్పుకోవడం, నీడ’ అన్నారు. ఇంటి చూరుకూ వెడల్పాటి గిన్నెకూ రాసే అక్షరాల్లోనూ ఆ కింది భాగమే ఉంటుంది. ఏనుగు చెవంత చేమాకు చూసినవాడికి పెద్ద, కప్పు అనే మాటలు తట్టడంలో వింతేముంది!

కొబ్బరితోట · ఉదయం 7:50

వానొస్తే చిన్నప్పుడు బడి నుంచి చేమాకు నెత్తిన పెట్టుకునే వచ్చేవాళ్లం. ‘కప్పు’ అన్నాయన ఎవరో గానీ వానలో తడిసిన మనిషే.

సందేహాల పుట్ట · ఉదయం 9:15

మాస్టారూ, ఆశ్చర్యార్థకం నుంచి దుంప పేరు రావడం నేను నమ్మను. అలా అయితే పనసకాయకూ ‘అమ్మో’ అనే పేరుండాలి. తర్వాతి కాలం పండితులు అక్షరం చూసి కథ అల్లినట్టుంది.

మాండరిన్ మాస్టారు · ఉదయం 9:40

అల్లి ఉండవచ్చు. నిఘంటుకారులకు ఆ జబ్బు అన్ని దేశాల్లోనూ ఉంది, మనకు మరీ. కానీ రెండు వేల ఏళ్లనాటి మనిషి చేమచెట్టు చూసి అదిరిపోయాడన్నది మాత్రం కాగితం మీదుంది కదా. నాకది చాలు.

అదిరిపోవడం అంటే గుర్తొచ్చింది. పాత చైనీస్‌లో చేమదుంపకు ఇంకో పేరు ‘దున్‌ఛ్’. అర్థం: ముడుచుకు కూర్చున్న గుడ్లగూబ. పెద్ద తల్లిదుంపను నేల మీద పెట్టి దూరం నుంచి చూడండి, బొచ్చూ ఆకారమూ అచ్చం అంతే. సిమా ఛ్యెన్ అనే పాతకాలపు చరిత్రకారుడి గ్రంథంలో వ్యాపారుల అధ్యాయంలో వస్తుంది ఈ పేరు. ఛిన్ రాజ్యం జావ్ రాజ్యాన్ని గెలిచాక అక్కడి జనాన్ని వేరే చోట్లకు తోలేశారు. అందరూ అధికారులకు లంచాలిచ్చి దగ్గరి ఊళ్లు అడిగితే, జువో అనే ఇంటి పేరున్న ఇనుము వ్యాపారి మాత్రం దూరంగా సిచువాన్ పంపమన్నాడు. మిన్ కొండల కింద నేల సారవంతం, అక్కడ గుడ్లగూబ దుంపలున్నాయి, చచ్చేదాకా ఆకలుండదని విన్నాను అన్నాడు. వెళ్లాడు, ఇనుము కరిగించాడు, మహా ధనవంతుడయ్యాడు.

ఇక అసలు తమాషా. ఆరో శతాబ్దంలో యెన్ జ్‌ట్వే అనే ఆయన పిల్లలకు బుద్ధులు చెబుతూ రాసిన గ్రంథంలో ఒక పెద్దమనిషి సంగతి ఉంది. ఆ పెద్దమనిషి చదివిన పుస్తకంలో ‘దున్‌ఛ్ అంటే చేమ’ అని ఉండాల్సిన చోట నకలు రాసినవాడి తప్పు వల్ల ‘గొర్రె’ అని పడింది. ఆ రెండు అక్షరాలూ చూపుకు దగ్గరగా ఉంటాయి. ఎవరో ఆయనకు గొర్రె మాంసం కానుకగా పంపితే, తన పాండిత్యం తెలిసేలా ‘మీరు దయతో పంపిన దున్‌ఛ్ అందింది’ అని జవాబు రాశాడు. రాజుగారి కొలువంతా కంగారు. గుడ్లగూబను ఎవరు పంపారు, ఎందుకు పంపారు? చాలా రోజుల తర్వాత గానీ సంగతి బయటపడలేదట.

బాబాయ్ గారూ, చేమ అడిగి చేప తెచ్చుకున్న మీ ముందు, గొర్రె తిని చేమకు థ్యాంక్స్ చెప్పిన మనిషి ఉన్నాడు. సిగ్గుపడకండి.

యివూ బాబాయ్ · ఉదయం 10:05

😂 ఇది ప్రింటు తీసి ఆఫీసులో అంటిస్తా. ఆదివారం కాబట్టి నిన్నటి 68 యువాన్లు గుర్తొచ్చి కడుపు రగులుతోంది.

తైపే తాయారు · ఉదయం 11:22

తైవాన్‌లో పన్నెండేళ్లుగా ఉంటున్నాను. ఇక్కడ చేమదుంప అంటే మనిషి కూడా. ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నా.

ఇక్కడి పాతవాళ్లు మాట్లాడే హొక్కియెన్ అనే చైనీస్ యాసలో చేమదుంప ‘ఓ-ఆ’. చిలగడదుంప ‘హాన్‌జీ’. తైవాన్ మ్యాపు చూడండి, నిలబెట్టిన చిలగడదుంపలా ఉంటుంది. అందుకని తరాలుగా ఇక్కడే ఉన్నవాళ్లు తమను తాము హాన్‌జీలు అనుకున్నారు. 1949 ప్రాంతంలో, కమ్యూనిస్టుల చేతిలో ఓడిపోయిన చైనా నాయకుడు చియాంగ్ కై-షెక్ సైన్యంతో పాటు చైనా నుంచి లక్షల మంది వచ్చి పడ్డారు. వాళ్లు ఓ-ఆలు. ఇద్దరికీ పుట్టిన పిల్లలు ‘ఓ-ఆ హాన్‌జీ’, చేమ-చిలగడ.

మొదట్లో అది తిట్టే. ఒకరి భాష ఒకరికి రాదు, పైగా సైనిక చట్టం 1987 దాకా నడిచింది. సైన్యంలోంచి దిగిపోయి, పెళ్లీ ఇల్లూ లేక మిగిలిపోయిన ముసలి సిపాయిలను ‘లావ్ ఓ-ఆ’ అనేవాళ్లు, ముసలి చేమ అని. 1987 చివర్లో గానీ వాళ్లకు చైనాలోని సొంతవాళ్లను చూసి రావడానికి అనుమతి దొరకలేదు. నలభై ఏళ్లు. మా పాత అపార్టుమెంటు కింద అలా చైనా నుంచి వచ్చిన సిపాయి తాత ఒకాయన ఆవిరి రొట్టెలు అమ్మేవాడు. నన్ను మొదటిసారి చూసి ‘నువ్వు ఏ దుంపవి?’ అన్నాడు. ఇండియా అన్నాను. కాసేపు ఆలోచించి, ‘అయితే బంగాళదుంప’ అన్నాడు. ఎలా వచ్చిందో ఆ లెక్క నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన మాట్లాడే చైనీస్ మా వీధిలో సగం మందికి అర్థమయ్యేది కాదు, ఆయన పెళ్లాడిన హాన్‌జీ ఆవిడతో సహా.

ఇప్పుడు కుర్రాళ్లు దాన్ని సరదాగానే వాడతారు. అయినా బయటివాళ్లం మనం ఎవరినీ ఆ మాట అనకపోవడం మంచిది.

చామగడ్డల చారు · ఉదయం 11:40

తాయారక్కా, ఆ తాత మాట చదివి నవ్వొచ్చింది, తర్వాత ఏదోలా అయింది.

మాండరిన్ మాస్టారు · ఉదయం 11:58

చియాంగ్ కై-షెక్ సొంతూరు జెజియాంగ్‌లో ఫెంగ్‌హ్వా. చైనాలో చేమదుంపలకు పేరుమోసిన ఊళ్లలో అదొకటి! తైవాన్‌లో పేరు అందుకే పుట్టిందని అనను, అది కాకతాళీయం. కానీ ఆ వైపు ఒక నానుడి ఉంది: మూడు నదులు, ఆరు రేవులు తిరిగాడు, ఫెంగ్‌హ్వా చేమదుంప తిన్నాడు. లోకం చూసిన మనిషి అని. మన ‘పది ఊళ్ల నీళ్లు తాగినవాడు’.

ఆ నానుడిలో మాట ‘యూతౌ’ కాదు, ‘యూనాయ్‌తౌ’. జెజియాంగ్, షాంఘై జనం చేమదుంపను ‘యూనాయ్’ అంటారు. బాబాయ్ గారూ, ఇది ముందే చెప్పాల్సింది, పాండిత్యంలో పడి మర్చిపోయాను. మీరు యివూలో ‘యూనాయ్’ అనండి. స్వరం కాస్త తప్పినా చేపకు ‘నాయ్’ లేదు.

యివూ బాబాయ్ · మధ్యాహ్నం 12:10

మాస్టారూ!! పన్నెండు గంటలు ‘ఛీ’ అని కుక్కను అదిలించినట్టు ప్రాక్టీసు చేయించి ఇప్పుడా చెప్పడం!

ఉర్లగడ్డ · మధ్యాహ్నం 1:30

అనంతపురం నుంచి. నా పేరు చూస్తే తెలిసిపోయుంటుంది, మా వైపు బంగాళదుంపను ఉర్లగడ్డ అంటాం. నేను రెండేళ్లు సిచువాన్‌లో చదివినాను. అక్కడ బంగాళదుంపను ‘యాంగ్‌యూ’ అనేవాళ్లు. పుస్తకంలో నేర్చుకున్నది ‘తూదౌ’. క్లాసులో తూదౌ, క్యాంటీన్లో యాంగ్‌యూ. ఈ ‘యూ’, చేమ ‘యూ’ ఒకటేనా?

మాండరిన్ మాస్టారు · మధ్యాహ్నం 2:05

ఒకటే. ‘యాంగ్’ అంటే సముద్రం దాటి వచ్చింది, సీమది. సీమ చేమ. మనం సీమచింత, సీమవంకాయ అన్నట్టు. అమెరికా ఖండం దుంప చైనాకు వచ్చేసరికి అక్కడ దుంప అంటే చేమే, కాబట్టి చేమ అని పేరు పెట్టి ముందర ‘సీమ’ తగిలించారు. మనకు బంగాళదుంప అయింది.

చిలగడదుంప కూడా అమెరికాదే. 1590లలో ఫిలిప్పీన్స్‌లోని లుజోన్ దీవి నుంచి చైనా తీరంలోని ఫుజియాన్‌కు వచ్చింది. నాన్‌జింగ్ చుట్టుపక్కల దాని పేరు ‘షాన్‌యూ’, కొండ చేమ. షాంఘైలో బంగాళదుంపేమో ‘సీమ కొండ చేమ’. చేమ కానివన్నీ చేమలే.

పత్రికల్లో ‘తాంగ్‌షౌ షాన్‌యూ’ అనే మాట కనిపిస్తుంది: చెయ్యి కాల్చే చిలగడదుంప. పట్టుకోలేక, పడెయ్యలేక, ఎవరికి అంటగడదామా అని చూసే వ్యవహారం. అది ఇంగ్లీషు జాతీయానికి చైనీస్ అనువాదం. ఇంగ్లీషులో బంగాళదుంప, దారిలో చిలగడదుంపగా మారింది, రాతలో మళ్లీ చేమ అక్షరమే!

తైపే తాయారు · మధ్యాహ్నం 2:20

ఉర్లగడ్డ గారూ, తైవాన్ వస్తే ‘తూదౌ’ అనకండి. ఇక్కడ తూదౌ అంటే వేరుశనగ. నేను కూరకు కిలో తూదౌ అడిగి వేరుశనగకాయలు మోసుకొచ్చాను.

చామగడ్డల చారు · మధ్యాహ్నం 2:33

మాకేం తక్కువ? మా దిక్కు కందగడ్డ అంటే చిలగడదుంప. పండుగకు ఉడకబెట్టుకుని తింటం. పెళ్లై విజయవాడ పోయినంక మా అత్తమ్మను ‘కందగడ్డ పచ్చిగ తింటే కూడా తియ్యగ ఉంటది’ అన్న. ఆమె నన్ను చూసిన చూపు ఇప్పటికీ యాదికున్నది. వాళ్లకు కంద అంటే నోరు దురద పెట్టేది కదా.

కొబ్బరితోట · మధ్యాహ్నం 2:41

ఆ అత్తమ్మ గారికి నా సానుభూతి. పచ్చి కంద తినే కోడలొచ్చిందని ఎంత హడలిపోయారో.

ఒసాకా ఓబులేసు · సాయంత్రం 4:00

జపాన్‌లోనూ ఆ అక్షరమే వాడతారు, చదవడం మాత్రం ‘ఇమో’. ఇక్కడ దుంప అనే అర్థమే మిగిలింది. చేమ అనాలంటే ‘సతోఇమో’, ఊరి దుంప అనాలి. మనిషిని ‘ఇమో’ అంటే పల్లెటూరి బైతు అని. ఆఫీసులో నా కొత్త చొక్కా చూసి ఒకడు అన్నాడు, మెచ్చుకున్నాడేమో అనుకుని థ్యాంక్స్ చెప్పాను.

సందేహాల పుట్ట · సాయంత్రం 5:12

ఒక పక్క బైతు, ఒక పక్క ముసలి సిపాయి, ఒక పక్క గుడ్లగూబ. మంచి అర్థం ఒక్కటీ లేదా పాపం చేమకు?

సింగపూర్ శీను · సాయంత్రం 5:30

ఎందుకు లేదు! మధ్య శరదృతువు పండుగకు, అదే చందమామ కేకుల పండుగకు, దక్షిణాన చేమదుంప తినాల్సిందే. హొక్కియెన్ వాళ్ల సామెత ఉంది: బియ్యపు సేమ్యాతో చేమ తింటే మంచి ఉద్యోగం. వాళ్ల యాసలో చేమ ‘ఓ’, ఉద్యోగం ‘తావ్‌లో’. ప్రాస కుదిరింది, ఉద్యోగం వచ్చేసింది.

తల్లిదుంప చుట్టూ పిల్లదుంపలు అంటుకుని ఉంటాయి కాబట్టి సంతానానికి కూడా మంచి గుర్తు. పేర్లు కూడా అలాగే ఉంటాయి, తల్లి చేమ, పిల్ల చేమ, మనవ చేమ.

మాండరిన్ మాస్టారు · రాత్రి 8:45

ఇంకో మంచి కథ, దీంతో నేను ఆపుతా. టాంగ్ రాజుల కాలంలో హెంగ్ కొండ మీద మఠంలో ఒక బద్ధకపు సన్యాసి ఉండేవాడు. మిగిలిన ఎంగిలి తింటాడని ఆయన్ను ‘లాన్‌త్సాన్’ అనేవాళ్లు. లీ బీ అనే చదువుకున్న కుర్రాడు అర్ధరాత్రి ఆయన దగ్గరికెళ్లి దణ్ణం పెట్టాడు. సన్యాసి తిట్టాడు. కుర్రాడు కదల్లేదు. చివరికి సన్యాసి ఆవుపేడ నిప్పులు కదిపి, అందులోంచి కాలిన చేమదుంప తీసి, సగం తాను తిని, మిగతా సగం కుర్రాడి చేతిలో పెట్టాడు. ‘ఎక్కువ మాట్లాడకు. పదేళ్ల ప్రధానమంత్రి పదవి తీసుకో’ అన్నాడు. లీ బీ తర్వాత నిజంగానే ప్రధానమంత్రి అయ్యాడు. కథ నిజమో కాదో గానీ, నిప్పుల్లో చేమ కాల్చుకోవడం అనే మాట ఆ తర్వాత కవిత్వంలో బాగా పాతుకుపోయింది.

సు షీ అనే మహాకవిని 1097లో హైనాన్ ద్వీపానికి వెళ్లగొట్టినప్పుడు, తిండికి కటకటగా ఉంటే, ఆయన కొడుకు ఇలాంటి దుంపతోనే గంజి లాంటిది కాచాడు. తండ్రి దానికి ‘యూసాన్ గంజి’ అని పేరు పెట్టి పద్యం చెప్పాడు. అక్కడ ‘యూ’ అంటే పచ్చలాంటి ఆ జేడ్ రాయి. అదీ నాలుగో స్వరమే, చేమతో అక్షరాలా ఒకటే పలుకు. దుంపగంజి రత్నాల గంజి అయిపోయింది.

కొబ్బరితోట · రాత్రి 9:02

పేడ నిప్పులంటే మా దాలిగుంటే కదా మాస్టారూ! పైన పాల కుండ కాగుతుంటే కింద బూడిదలో దుంపలు కప్పెట్టేవాళ్లం. తొక్క మాడి, లోపల వెన్నలా అయ్యేది. మాకెవరికీ మంత్రి పదవి రాలేదు. మా అన్నయ్యకు ఒకసారి వార్డు మెంబరు వచ్చింది.

చైనా రైతులు పాతకాలంలో ఎలా వేసేవాళ్లో ఏమైనా తెలుసా?

మాండరిన్ మాస్టారు · రాత్రి 9:30

ఆపుతానన్నాను, మీరు ఆపనివ్వట్లేదు. క్రీస్తుకు పూర్వం ఒకటో శతాబ్దంలో ఫాన్ షంగ్‌జ్ అనే ఆయన రాసిన వ్యవసాయ పాఠం ఉంది. మూడు ‘ఛ్’లు, అంటే మన లెక్కలో సుమారు 70 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, లోతు గొయ్యి తవ్వాలి. ఎండిన చిక్కుడు జాతి రొట్ట వేసి కాళ్లతో తొక్కాలి. దాని మీద తడి మట్టీ ఎరువూ కలిపి వెయ్యాలి, నీళ్లు పోసి మళ్లీ తొక్కాలి. నాలుగు మూలలా నాలుగు, నడుమ ఒకటి, మొత్తం ఐదు పిల్లదుంపలు నాటాలి. రొట్ట కుళ్లేకొద్దీ దుంపలు ఊరతాయి.

కొబ్బరితోట · రాత్రి 9:41

పచ్చిరొట్ట తొక్కించడమే. ఐదు మాత్రం దగ్గరైపోతాయండి, నేనైతే నాలుగే వేస్తా.

యివూ బాబాయ్ · మరుసటి శనివారం మధ్యాహ్నం 2:15

రిపోర్టు. అదే హోటల్. నన్ను చూడగానే ఆవిడ చేపల తొట్టి వైపు వెళ్లబోయింది. ‘యూనాయ్, యూనాయ్’ అని అరిచాను. ఆగింది. ‘ఓ... యూనాయ్!’ అని నవ్వి, రెండు చేతులూ పిడికిలి పట్టి, దుంపంత చూపించింది. నేనూ పిడికిలి చూపించాను.

చిన్న ప్లేట్లో వచ్చాయి. కోడిగుడ్డు కంటే చిన్నవి, తొక్క తీసినవి, జిగురుగా, వేడిగా. పైన సన్నగా తరిగిన పచ్చటి ఆకు, కాగిన నూనె. పేరు అడిగితే ‘త్సోంగ్‌యౌ యూనాయ్’ అంది. 22 యువాన్లు. అమ్మ చేసే చేమదుంపల వేపుడుకు పులుపూ కారమూ లేని చెల్లెల్లా ఉంది. ప్లేటు ఊడ్చేశాను.

ఫొటో అమ్మకు పంపాను. ఫోన్ చేసి, ‘పైన ఆ పచ్చగా ఉన్నది ఉల్లికాడ కదరా? శనివారం ఉల్లి తింటావా?’ అంది.

మాస్టారూ, ఉల్లికాడ వద్దు అని చైనీస్‌లో ఎలా చెప్పాలి?

మాండరిన్ మాస్టారు · మధ్యాహ్నం 2:40

‘బుయావ్ త్సోంగ్’. త్సోంగ్ మొదటి స్వరం, ఎత్తులో చదునుగా, తంబూరా శ్రుతిలా. నోరు జారినా ఈసారి చేప రాదు.